విషాదకథయు సహృదయుని స్వానుభవమును

కథను జదివిన చదువరి "ఇది నాకథయే" యనుట గుణమా దోషమా యను ప్రశ్నము మన యలంకారశాస్త్రమునకుఁ గ్రొత్తది కాదు. రసము పరునిదని తోఁచినచోఁ జదువరి తటస్థుఁడై యుండును. తనదే యని తోఁచినచోఁ గరుణాదులయందు నిజముగా దుఃఖమే కలుగును గాన కావ్యమును విడిచి లేచిపోవును. ఈ చిక్కును భట్టనాయకుఁడు గుర్తించి, విభావాదులు సాధారణీకృతములై స్వపరభేదము తొలఁగునని సమాధానము చెప్పెను. అభినవగుప్తుఁడు హృదయసంవాదము, తన్మయీభావము అను మాటలతో దానిని స్థిరపఱచెను. వేయేండ్ల క్రిందటఁ గాశ్మీరమున నాటకమును గూర్చి జరిగిన యీ చర్చ నేఁడు నవలలను జదువు విద్యార్థినుల మాటలలో మరల మొలచుచున్నది. యువతి మనస్సు క్రుంగిపోయిన తెఱఁగును లోపలినుండి చెప్పు నవలను జదివినవారు దాని శిల్పమును గాని శైలిని గాని మొదట స్మరింపరు. "ఈమె నన్నెఱుఁగును" అని పలుకుదురు. ఇట్టి పలుకును బాల్యచాపలమని పండితులు త్రోసివేయుట కలదు. అది న్యాయ్యమా యని విచారించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

విచారమునకు లక్ష్యముగా సిల్వియా ప్లాత్ అను నమెరికా రచయిత్రి నవల "ది బెల్ జార్" గ్రహింపఁదగినది. ఇది 1963 జనవరిలో లండను నగరమున విక్టోరియా లూకాస్ అను మాఱుపేరుతో వెలువడెను. 1966లో రచయిత్రి నిజనామముతో మరల నచ్చయ్యెను. ఆమె స్వదేశమున 1971లోఁ గాని ప్రకటితము కాలేదు. బెల్ జార్ అనఁగాఁ బ్రయోగశాలలలో వస్తువులపై బోర్లించు గంటయాకారపు గాజుపాత్ర. దాని లోపలనున్నవారికి వెలుపలి లోకమంతయుఁ గనఁబడుచునే యుండును. పీల్చుగాలి మాత్రము తాము విడిచినదే. క్రుంగిన మనస్సునకు రచయిత్రి చేసిన రూపకము ఇదియే.

కథానాయిక యెస్తర్ గ్రీన్‌వుడ్ పందొమ్మిదేండ్ల కళాశాల విద్యార్థిని. 1953 వేసవిలో నొక స్త్రీల పత్రిక జరిపిన పోటీలో గెలిచి న్యూయార్కు నగరమున నొకనెల గడపు నవకాశము నందును. విందులు, వస్త్రములు, బహుమానములు, వేనియందును మనసు నిలువదు. ఇంటికి మరలివచ్చిన పిదప, చేరఁదలఁచిన రచనాభ్యాసతరగతిలోఁ దనకు స్థానము లేదని తెలియును. అటుపిమ్మట నిద్ర రాదు. పుస్తకము తెఱచినచో నక్షరములు కొంకరలు తిరుగును. వ్రాయఁబూనినచోఁ జేవ్రాలు పసిపిల్లల దానివలె వంకరపోవును. మూఁడువారములు తల కడుగుకొనదు, కట్టినబట్ట విడువదు. నేఁడు కడిగినను రేపు మరలఁ గడుగవలసినదే గదా, యేల యని యామె తర్కము. ప్రాణత్యాగమునకుఁ బూనుకొని బ్రదికి, వైద్యశాలలఁ జేరి, నోలన్ అను వైద్యురాలి యాదరమునఁ గ్రమముగాఁ దేఱుకొని, యింటికిఁ బంపవచ్చునా యని వైద్యులు నిర్ణయించు గదిలోఁ గాలు పెట్టుటతోఁ గథ ముగియును.

ఇందుఁ బూర్వపక్షము రెండు విధములు. ఈ దుఃఖమునకుఁ దగిన విభావము లేదని మొదటివారు. ప్రియుఁడు పరిత్యజింపలేదు, ఇల్లు కాలిపోలేదు, చదువు చెడలేదు. కారణము లేని కార్య మెట్లు నమ్మఁదగును? రెండవవారు కారణమును విడిచి చదువరినే తప్పుపట్టుదురు. తన గాయమును దడవుకొనుటకుఁ బుస్తకమును బట్టినవానిది రసాస్వాదము కాదు, స్వార్థ మని వారి మతము. రెండును శాస్త్రమును సగమే చూచిన మాటలు.

మొదటిదానిని బరీక్షింపవలెను. భరతముని ముప్పదిమూఁడు వ్యభిచారిభావములలో నిర్వేద, గ్లాని, చింతా, జడతా, విషాదాదులను జెప్పెను. తలపెట్టిన పని నెఱవేఱకపోవుటచేతను, దైవము ప్రతికూలించుటచేతను విషాదము కలుగునని లక్షణము. ఎస్తర్ కథకు నీలక్షణము కొంతవఱకుఁ బొసఁగును. తరగతిలోఁ జోటు దొరకకపోవుట కార్యభంగమే. కాని యామెకుఁ గలిగిన క్రుంగుబాటునకు నాభంగము చాలిన కారణము కాదు. నిప్పురవ్వ చాలినంత యెండుగడ్డి లోపల ముందే పేరియున్నది. తొమ్మిదవయేటఁ దండ్రి చనిపోయిన పిదపఁ దాను నిష్కల్మషమైన సంతోష మెఱుఁగనని యామె తలఁచును. అలలవలె లేచి యడఁగవలసిన వ్యభిచారిభావ మిచట నడఁగక నిలిచిపోయినది. దీనిని నిర్వేదస్థాయికమైన శాంతమందమా? ఆ నిర్వేదము తత్త్వజ్ఞానమువలనఁ బుట్టునది. ఇది జ్ఞానమునే మూసివైచునది. కాఁబట్టి పాత పేళ్లలో నేదియు దీనికి సరిగాఁ గుదురదు. కుదురమి నవలయొక్క దోషము కాదు, లక్ష్యము పెరిగిన కొలఁది లక్షణము పెరుగవలసిన దని తెలుపు గుఱుతు. వ్యాకరణమునందును బ్రయోగమే సూత్రమునకు మూలము గదా.

మన పూర్వకావ్యములు స్త్రీదుఃఖమును వర్ణింపలేదని యనరాదు. అభిలాష, చింత మొదలుకొని యుద్వేగము, ఉన్మాదము, వ్యాధి, జడత, మరణము వఱకుఁ బది యవస్థలు లెక్కింపఁబడినవి. కాని యవి యన్నియు విప్రలంభమునకుఁ జెందినవి. ప్రియుఁడు వచ్చినచో వ్యాధి తీఱును. నాయిక నిద్రింపకున్నను, భుజింపకున్నను, పలుకకున్నను "ఎవరికొఱకు?" అనునదొక్కటే ప్రశ్నము. చికిత్సయుఁ దామరాకులు, చందనము, వట్టివేళ్ల లేపనము. అభిజ్ఞానశాకుంతలమున మూఁడవ యంకమందు ననసూయ మాత్రము, వికారమును నిజముగా నెఱుఁగక ప్రతీకార మారంభింపరా దను నర్థము వచ్చునట్లు పలికి శకుంతలను దాపరికము లేక చెప్పుమని యడుగును. ఈయొక్క మాటచేతఁ గాళిదాసుఁ డనసూయను వైద్యులకంటె నెత్తున నిలిపెను. అయినను శకుంతల చెప్పిన యుత్తరము రాజే. ఎస్తరునకు మొదట లభించిన గోర్డన్ అను వైద్యుఁడును బ్రశ్న వేయును. ఏమి చెడినదని నీవనుకొనుచున్నావో చెప్పుమనును. ఆ "యనుకొనుట" యను మాట యామెను నొప్పించును. నిజముగా నేమియుఁ జెడలేదు, అనుకొనుట మాత్రమే యని దాని ధ్వని. ఒకే ప్రశ్నమును అనసూయ యడిగినపుడు హృదయసంవాద మయ్యెను. గోర్డన్ అడిగినపుడుఁ దాటస్థ్య మయ్యెను.

పురుషుని విషాదమునకు మనవాఙ్మయమునఁ గలిగిన గౌరవమును దీనితోఁ బోల్చి చూడవలెను. గాండీవము జాఱినదని, ఒడలు మండుచున్నదని, నిలువలేనని పార్థుఁడు చెప్పఁగా నాతని విషాదము భగవద్గీతలో నొక యధ్యాయమునకే పేరయ్యెను; దానికిఁ బ్రత్యుత్తరముగాఁ బదునేడధ్యాయములు వెలసెను. సుందరకాండమున సీతయుఁ దన జడతోనే ప్రాణములు విడువఁదలఁచు స్థితికి వచ్చును. వాల్మీకి యాఘట్టమును జూపిన నేర్పు సామాన్యము కాదు. కాని యామె దుఃఖమునకు రావణుఁడు కనఁబడుచున్నాఁడు, లంక కనఁబడుచున్నది. కనఁబడు శత్రువు లేని స్త్రీదుఃఖమునకుఁ బార్థునికిఁ బట్టినట్టి యోపికను బట్టి వినినవారు మన ప్రబంధములలో నరుదు. ఆ కొఱఁతను దీర్చుటయే యీజాతి నవలల పని.

మఱియొక విశేషము. విషాదమున నుత్తమమధ్యములు సహాయమును వెదకుదురు, ఉపాయమును జింతింతురు. అధములు నోరెండి యటునిటు తిరుగుదురు, నిద్రపోవుదురు అని భరతుఁ డభినయమును విభజించెను. రంగస్థలమున నీవిభాగ ముపయోగించును. జీవితమున దీనినే ప్రమాణముగాఁ గొన్నచో సహాయ మడుగనివారు హీనులని తేలును. ఎస్తర్ అడుగదు, అడుగుటకుఁ గావలసిన శక్తియే యారోగము హరించినది. బుద్ధిమంతురాలు, బహుమానములు గొన్నది యిట్లయ్యె నని చూపి, యడుగకపోవుట యధమత్వము కాదు, వ్యాధిలక్షణమే యని నవల స్థాపించినది. శాస్త్రమునకుఁ గావ్యము చేసిన సవరణ యిది.

ఇఁక రెండవ పూర్వపక్షము. స్వానుభవమును గావ్యమునకుఁ దెచ్చుట దోషమైనచో జనగామప్రాంతపు జనులందఱు దోషులే. పూర్వపు వరంగల్లు జిల్లానుండి ప్రధానముగా విడివడి 2016 అక్టోబరులో నేర్పడిన జనగామ జిల్లాలోఁ బాలకుర్తి మండలమునఁ బమ్మెర గలదు; పోతనామాత్యుని యూరని ప్రసిద్ధి. గజేంద్రమోక్షమునందలి దైన్యపు పద్యములను అక్షరము లెఱుఁగని వృద్ధులుకూడఁ గష్టకాలమునఁ జదువుకొందురు. వారిలో నెవ్వరును దాము ఏనుఁగని తలంపరు. వారిని బట్టినది మొసలియుఁ గాదు. అప్పు, రోగము, బిడ్డ మరణము, ఇవి వారి మడువులు. బలము సన్నగిల్లుట, ధైర్యము సడలుట, పిలిచినవాఁ డున్నాఁడో లేఁడో యను సంశయము, ఇంతమాత్రము గజేంద్రునిది వారిదయ్యెను. స్వానుభవ మిచటఁ బద్యమును జెఱుపలేదు. పద్యమే స్వానుభవమున కొక యాకృతి నిచ్చినది. ఇదియే సాధారణీకరణము. కాశ్మీరశాస్త్రమునకుఁ బమ్మెరవారు చూపిన లక్ష్యము.

ఆ మండలమునకే పేరిచ్చిన పాలకుర్తి సోమనాథునిది. పండితారాధ్యచరిత్రమున నాతఁడు తుమ్మెదపదములు, గొబ్బిపదములు, వెన్నెలపదములు మున్నగు దేశిగేయములను బేర్కొనెను. జనులు కూడి పాడు పాటకు గౌరవమిచ్చిన కవి యతఁడు. స్త్రీల శోకమునకు నీప్రాంతమునఁ బూర్వమునుండి నిలువనీడ యైనది పాటయే. మహబూబాబాదు తండాలలో లంబాడీ వధువు అత్తవారింటికిఁ బోవునపుడు ఆత్మీయుల మెడలఁ గౌఁగిలించుకొని పాడు నేడ్పుపాటకు ఢావ్లో యని పేరు. భూపాలపల్లి గనులపట్టణమున నేమి, చుట్టుపల్లెలలో నేమి, బతుకమ్మ చుట్టుఁ దిరుగుచుఁ బాడు పాటలలో నత్తింటి యారళ్లును బుట్టింటి బెంగయుఁ గలవు. ఒకతె యెత్తుకొనఁగాఁ బదుగు రందుకొందురు. దుఃఖ మొకతెది కాక యందఱిది యగును. అందఱిది యైన పిదప మోయఁదగినంత తేలిక యగును.

కాని వలయములోనికి రానివారి మాట యేమి? మనస్సు క్రుంగినపుడు మొదట మూగవోవునది కంఠమే. అట్టిది పూలు కోయదు, చేయి కలుపదు, పల్లవి నందుకొనదు. పాట యందఱి సాధనము. ఇంటిలో నొంటిగాఁ గూర్చున్న దానికి నొంటిగాఁ జదువఁదగిన సాధనము కావలెను. నవల యిట్టిది. ఒకరు వ్రాసినది, ఒకరు చదువునది. బతుకమ్మపాట చేయలేని పనిని అది యిచటఁ జేయఁగలదు. ఇందువలనఁ బాటకుఁ దక్కువ లేదు, అధికారిభేదమువలన సాధనభేదము.

ఈ సాధనమును దెనుఁగున సమర్థముగాఁ బ్రయోగించినవాఁడును నాపాలకుర్తి మండలమువాఁడే యగుట గమనింపఁదగినది. వావిలాలలో 1941లో జన్మించిన నవీన్ రచించిన "అంపశయ్య" 1969లో వెలువడెను. తరువాతి రచన "కాలరేఖలు" నకు 2004లో సాహిత్య అకాడమి పురస్కారము లభించినను, జనులు రచయిత పేరునకు ముందు నిలిపినది మొదటి నవల పేరునే. ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహమున నుండు రవి యను పేఁదవిద్యార్థి యొక దినమున నిద్ర లేచినది మొదలు పడు మనోవేదనయే యందలి కథ. పరీక్షల భయము, చేతఁ బైకము లేమి, తన్నుఁ దాను జిన్నగాఁ దలఁచుకొనుట, ఇవి చైతన్యస్రవంతి పద్ధతిని బయలుపడును. పల్లెనుండి పట్టణమునకుఁ జదువఁబోయిన తెలంగాణ యువకు లనేకులు దానిని జదివి "ఇది మాకథ" యనిరి. వారిని బాలచపలులని త్రోసినవారు లేరు; అది నవల విజయమునకుఁ బ్రమాణముగాఁ గొనఁబడెను. గోపీచందు "అసమర్థుని జీవయాత్ర", బుచ్చిబాబు "చివరకు మిగిలేది" అనువానిలోఁ గూడఁ గలఁతపడిన మనస్సు పురుషునిదే. ఆ నవలలను జదివిన యువతులు సీతారామారావులోను, దయానిధిలోను, రవిలోను దమ్ముఁ జూచుకొనిరి. ఆఁడువారు పురుషపాత్రతోఁ దన్మయులగుట సాధారణీకరణ మనియు, స్త్రీపాత్రతోఁ దన్మయులగుట స్వార్థ మనియు విభజించుట యే న్యాయముచేతను నిలువదు.

ఐనను రెండవ పూర్వపక్షమున నొక సత్యాంశము కలదు. అభినవగుప్తుఁడు రసవిఘ్నములను ఏడింటిని లెక్కించుచు, నిజసుఖదుఃఖములకు వశమగుట నొకటిగాఁ జెప్పెను. ఇతివృత్తము సంభవమే కాదని తలఁచుట మొదటి విఘ్నము. అనుభావములు దేనికిఁ జెందినవో తెలియక సంశయించుట కడపటిది. విషాదనవలను జదువువారిలో నీమూఁడు విఘ్నములును గానవచ్చును. "అన్నియుఁ గలదానికి దుఃఖ మేల?" యనువానిది సంభావనావిరహము. తలదువ్వుకొనమిని సోమరితన మనియు, మౌనమును గర్వ మనియు భ్రమించువానిది సంశయము. తన నొప్పిలో మునిఁగి పుటలోని యెస్తరును మఱచినదానిది నిజదుఃఖవశత. మొదటి యిద్దఱిని విడిచి మూఁడవదానినే మందలించుట పక్షపాతము. స్వానుభవము కావ్యమునకు ద్వారము. ద్వారమునందే నిలిచిపోయినచో విఘ్నము. లోపలఁ బ్రవేశించిన చదువరి మఱొకరి దుఃఖమును గూడఁ జూడఁగలిగెనా యనునదే పరీక్ష.

ఈ పరీక్షకు "ది బెల్ జార్" సాయపడునా? చాలవఱకుఁ బడును. ఎస్తర్ తన కథను గడచిన కాలమునుండి చెప్పుచున్నది. న్యూయార్కునఁ బొందిన కానుకల ప్రస్తావనలో, కండ్లద్దాల సంచినుండి కత్తిరించిన బొమ్మను బిడ్డ యాడుకొనుట కిచ్చితి నని మొదటనే యొక మాట జాఱవిడుచును. ఆమె బ్రదికినది, తల్లి యైనది యని చదువరికి దానివలనఁ దెలియును. ఈ చిన్న వాక్యము నవల కంతకుఁ బట్టుకొమ్మ. ఎంతటి చీఁకటిలోఁ గూడ హాస్యమును విడువని కంఠస్వరము రెండవ పట్టుకొమ్మ. కాని యందు లోపము లేకపోలేదు. వైద్యశాలలో వడ్డించు నల్లజాతి సేవకుని వర్ణించు చోట, అతనిని ఎస్తర్ తన్ను చోట, రచయిత్రి కరుణ యిఱుకగును. దుఃఖము దృష్టిని సంకోచింపఁజేయు నని చూపుటకే యట్లు వ్రాసె నని సమర్థింతు రేని, ఆ సంకోచమును గుర్తింపఁజేయు వ్యంజకము పుటలో నుండవలెను, అది లేదు. ఎస్తరుతోఁ దన్మయమైన చదువరి యచట నాగి యాసేవకునివైపునకుఁ దిరిగినచోఁ దన్మయత పరిపక్వమైన దని యెఱుఁగవలెను.

రచయిత్రిని నాయికతో నేకము చేయుట మఱొక ప్రమాదము. ప్లాత్ 1953 వేసవిలోఁ దాను పడిన బాధనుండియే కథావస్తువును గైకొన్నది. నవల వెలువడిన నెలలోపలనే, 1963 ఫిబ్రవరి 11న, ముప్పదియేండ్ల వయస్సునఁ దానే ప్రాణములు విడిచినది. దానిని నవలకుఁ గడపటి ప్రకరణముగాఁ జదువువారు కలరు. అది తప్పు. కవి చరిత్రము వేఱు, ప్రబంధార్థము వేఱు. ప్రబంధమున నెస్తర్ బ్రదికినది. గాజుపాత్ర మరల దిగవచ్చు నను భయమును దాఁచకయే ద్వారము దాఁటి గదిలోనికిఁ బోయినది. "ఈమె నన్నెఱుఁగును" అను బాలిక యెదుట నీభేదమును స్పష్టపఱుచుట యుపాధ్యాయుని ధర్మము. వ్యాఖ్యానమునఁ జేసిన పొరపాటు ప్రాణముమీఁదికి వచ్చు చోట్లు గలవు.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలోని గురుకులములందును, కస్తూర్బా విద్యాలయములందును నింటికి దూరముగా నుండి చదువు బాలికలకు నిత్యమును గనఁబడు పెద్ద తెనుఁగు పండితుఁడో పండితురాలో యగుట కలదు. పాఠమునడుమ నొకబాలిక "ఇది నాకథ" యన్నచో, అది రసాస్వాదమో మొఱయో గుర్తింపవలసిన వారు వీరే. చదివిన పిదప నామె యెక్కువగా మాటలాడుచున్నచో, పాత్రలను గూర్చి తర్కించుచున్నచో నది రసము, చర్చ సాగనిండు. నిద్ర, ఆహారము, స్నేహితులు, పుస్తకము, ఒకటొకటిగా విడుచుచున్నచో నది మొఱ. అపుడు శ్లోకము చాలదు. రోగములను బెంచువానిలో విషాదము ముఖ్యమని చరకసంహితయే చెప్పినది గాన, వైద్యుని బిలుచుట శాస్త్రవిరుద్ధము కాదు. 2022 అక్టోబరునఁ బ్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్య కలదు. దానిని దరగతిగోడపై వ్రాయించుట ఛందోలక్షణమును వ్రాయించుటకంటెఁ దక్కువ పని కాదు.

నవీన్ తన నవలకుఁ బెట్టిన పేరు భారతమునుండి వచ్చినది. భీష్ముఁడు శరతల్పమున నొఱగి తల వ్రేలుచుండఁగా దిండు కావలె నని యడిగెను. రాజులు మెత్తని తలగడలను దెచ్చిరి. అతఁడు వలదనెను. అర్జునుఁడు మాత్రము తలక్రింద నంపములను నాటి యూఁత కల్పించెను; ఆ వీరుఁడు సంతసించెను. మెత్తని తలగడ తెచ్చినవారికిని దయ యున్నది, కాని సంవాదము లేదు. పడినవాని పాన్పు దేనితోఁ జేయఁబడినదో యెఱిఁగి, దానికిఁ దగిన యూఁత నిచ్చినవాఁడే సహృదయుఁడు. విషాదనవలను జదివి "నాకథ" యన్న యువతి తనకుఁ దగిన దిండు దొరకె నని చెప్పుచున్నది. ఆ మాటను విని తలగడ దెచ్చుటయో, అంపమును నాటుటయో పండితుల చేతిలోని పని.